రెండు సంచుల్లో సర్దుకున్న బ్యాండ్: రాయగడ నుంచి ఒక సింథ్‌పాప్ కేస్ స్టడీ

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న రాయగడలో నాది చిన్న రికార్డింగ్ రూమ్. ఏడాదిలో ఎక్కువ పని చర్చి పాటలతో, మజ్జిగౌరమ్మ భక్తిపాటలతో, పూజల సీజన్లో మెలోడీ పార్టీల ట్రాకులతో గడిచిపోతుంది. ఎలక్షన్లొస్తే ప్రచార పాటలు సరేసరి. వీటి మధ్యలో, తెలుగులో సొంత పాటలు కట్టుకునే ఒక సింథ్‌పాప్ బ్యాండ్ (సింథ్ అంటే కరెంటుతో శబ్దాలు పుట్టించే కీబోర్డు, దాంతో కట్టే పాటలే సింథ్‌పాప్) మొదటి నుంచీ నా దగ్గరే రికార్డు చేసుకుంటూ వచ్చింది. మిక్సింగ్ నాదే, చాలా స్టేజీలకు సౌండ్ నాదే, పోనుపోను కాగితాల పని కూడా నా నెత్తినే పడింది. వాళ్లు ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. ఊరు చిన్నది, ఇందులో డబ్బు లెక్కలూ మనస్పర్థలూ ఉన్నాయి.

మా వైపు బ్యాండ్ పెట్టినవాళ్లని చాలామందినే చూశాను. రెండో పండగ సీజన్ దాటినవాళ్లు తక్కువ. వీళ్లు దాటారు. పాటలు బాగుండటం ఒక కారణమే గానీ, నా లెక్కలో అసలు కారణం అది కాదు. వాళ్లకి సామాను తక్కువ, మనుషులు తక్కువ. పాట ఎలా వినిపించాలి, ఎక్కడికెళ్లి వాయించాలి, ఎవరి వాటా ఎంత అన్న ప్రతి నిర్ణయమూ అక్కడి నుంచే వచ్చింది.

ముగ్గురు, వాళ్ల యంత్రాలు

దుర్గాపూజకీ గణేశ్ పూజకీ స్టేజీ కట్టి సినిమా పాటలు పాడే ఆర్కెస్ట్రాని ఒడిశాలో మెలోడీ అంటారు. ప్యాడ్ కుర్రాడు అక్కడి నుంచి వచ్చాడు. రోలాండ్ ఆక్టోప్యాడ్ మీద పది, పదిహేను డప్పుల శబ్దాలు ఒక్కడే వాయించగలడు. కీబోర్డు అబ్బాయి జేకేపూర్ పేపర్ మిల్లు ఉద్యోగి కొడుకు, ఆదివారాలు చర్చిలో రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 వాయించేవాడు. సింగర్ అమ్మాయి కొంతకాలం పార్వతీపురంలో ఒక టీచరమ్మ దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకుంది. ఆ టీచరమ్మ విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్నావిడ. 1919లో పెట్టిన ఆ కాలేజీకి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. సరిహద్దుకి ఇవతల ఉన్న తెలుగువాళ్లకి సంగీతం అంటే ఇప్పటికీ చూపు విజయనగరం వైపే.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకయ్యాక కీబోర్డు అబ్బాయి రాత్రంతా ఫోన్లో పాత ఇంగ్లిష్ బ్యాండ్లు వినడం మొదలెట్టాడు. జర్మనీలో క్రాఫ్ట్‌వెర్క్ 1974 నాటికే యంత్రాలతో పాట కట్టి చూపించింది. 1970ల చివర్లో ఇంగ్లండ్‌లో సింథ్‌ల ధర దిగివచ్చేసరికి, గిటార్ రాని కుర్రాళ్లు కూడా ఒక వేలితో ట్యూన్ కట్టి బ్యాండ్లు పెట్టేశారు. డెపెష్ మోడ్ కుర్రాళ్లు మొదటి రోజుల్లో సింథ్‌లు చేత్తో పట్టుకుని రైల్లో ప్రోగ్రాములకి వెళ్లేవాళ్లు. 1978లో మ్యూట్ రికార్డ్స్ పెట్టిన డేనియల్ మిల్లర్‌తో వాళ్ల ఒప్పందానికి కాగితమే లేదు. చేతులు కలిపి, లాభంలో సగం సగం అనుకున్నారు, 1981లో మొదటి ఆల్బమ్ తెచ్చారు. ఈ కథ మా కీబోర్డు అబ్బాయికి నోటికొచ్చు. రైలు సంగతి అతన్ని బాగా పట్టుకుంది.

మన దగ్గరా ఈ దారి కొత్తది కాదు. బొంబాయి సినిమా పాటలకి వాయించే చరణ్‌జిత్ సింగ్ 1982లోనే రోలాండ్ జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808 యంత్రాలు దగ్గర పెట్టుకుని రాగాలు వాయించి ఒక రికార్డు చేశాడు. అప్పుడు ఎవరికీ పట్టలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక గానీ ప్రపంచానికి తెలియలేదు.

రాయగడలో సింథ్‌పాప్ ఏమిటని చాలామంది నన్ను అడిగారు. నాకైతే ఇంతకంటే సహజమైనది లేదనిపిస్తుంది. మా ఊళ్లో డ్రమ్ కిట్ ఉన్నవాళ్లు అరుదు, బేస్ గిటార్ వాయించేవాళ్లు ఇంకా అరుదు. కీబోర్డూ ఆక్టోప్యాడూ మాత్రం ప్రతి చర్చిలో, ప్రతి మెలోడీ పార్టీలో ఉంటాయి. ఉన్నవాటితోనే మొదలెట్టారు. కొత్తగా కొన్నది ఒక్కటే, సెకండ్ హ్యాండ్ కోర్గ్ మినీలాగ్ సింథ్. ఒకేసారి నాలుగు స్వరాలే పలుకుతుంది. దాన్ని ఆక్టోప్యాడ్‌కి మిడి కేబుల్‌తో కలిపి, ప్యాడ్ మీద కొడితే బేస్ మోగేలా పెట్టుకున్నారు. అంటే బ్యాండ్‌లో బేస్ వాయించేది డ్రమ్మరే. నాలుగో మనిషి అవసరం అక్కడితో తీరిపోయింది.

సినిమా పాటతో వచ్చిన పేరు

మొదట వాళ్లు చేసింది అందరూ చేసేదే. ఒక పాత తెలుగు సినిమా పాటని సింథ్‌ల మీద మార్చి పాడి యూట్యూబ్‌లో పెట్టారు. బాగా పోయింది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఫోన్లు. అయితే పెట్టిన కొద్దిసేపటికే యూట్యూబ్‌లో హక్కులున్న పాటల్ని గుర్తుపట్టే కంటెంట్ ఐడీ ఆ ట్యూన్‌ని పట్టేసింది. వీడియో ఉంటుంది, యాడ్స్ వస్తాయి, డబ్బు హక్కుదారుకి పోతుంది. పద్ధతి ప్రకారం అది న్యాయమే.

చట్టంలో కవర్ పాటకి, అంటే ఇంకొకరి పాటని మళ్లీ పాడి రికార్డు చేయడానికి, దారి లేకపోలేదు. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలోకి వచ్చిన 31సి సెక్షన్ ప్రకారం, పాట మొదట రికార్డయిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు దాటాలి, ముందుగా నోటీసివ్వాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ ముందే కట్టాలి. క్యాసెట్ల కాలం కంపెనీని దృష్టిలో పెట్టుకుని రాసిన సెక్షన్ అది. ముగ్గురు పిల్లలు ఇంట్లో కూర్చుని వాడుకోగలిగేది కాదు.

కీబోర్డు అబ్బాయి వాళ్ల నాన్న ఓ సాయంత్రం రూమ్‌కి వచ్చారు. టీ తాగి, వ్యూస్ చూసి, "పేరొస్తంది సరే మాస్టారూ, డబ్బులు రావేటి?" అన్నారు. సమాధానం చెప్పాను. ఆయన కొడుకు వైపు తిరిగి, "మరి ఆలకి పని చేసిపెడతన్నార్రా మీరు?" అన్నారు. సొంత పాటలు మొదలయ్యింది ఆ తర్వాతే. ఇంకో పది కవర్లు చేసి ఉంటే పేరు ఇంకా పెరిగేదేమో. జనం వీళ్లని పాటలు మార్చి పాడేవాళ్లుగానే గుర్తుపెట్టుకునేవాళ్లు.

గాంధారం పోయి, మళ్లీ వచ్చింది

సొంత పాటల్లో మొదటిది రికార్డు చేసినప్పుడు ఎక్కడో ఏదో కుదరడం లేదని నలుగురికీ తెలుస్తోంది, ఎక్కడో తెలియట్లేదు. సింగర్ బాగానే పాడుతోంది. కీబోర్డు తప్పులేమీ లేవు. రెండూ కలిస్తే మాత్రం పల్లవిలో దీర్ఘం తీసిన చోట గొంతు శ్రుతి తప్పినట్టు వినిపిస్తోంది. ఆమెకి కోపం వచ్చేసింది. "నేను సరిగ్గానే పాడతన్నాను, ఆ డబ్బానే తప్పు" అంది.

ఆమె మాటలో నిజం ఉంది. ఆమెది ఐదు శ్రుతి, అంటే షడ్జమం (స) 196 హెర్ట్జ్. తంబూరా దగ్గర పెట్టుకుని నేర్చుకున్న గొంతు అంతర గాంధారం (గ) మీద నిలిస్తే షడ్జమానికి ఒకటింబావు వంతు దగ్గర, అంటే 245 దగ్గర ఆగుతుంది. కీబోర్డు, స్థాయిని పన్నెండు సమాన మెట్లుగా విడగొట్టే లెక్క ప్రకారం, అదే గాంధారాన్ని 247కి కాస్త తక్కువలో పెడుతుంది. తేడా 14 సెంట్లు (కీబోర్డు మీద ఒక మెట్టుకి నూరు సెంట్లు). చిన్న నోట్లలో ఎవరికీ తెలియదు. కానీ సింథ్ ప్యాడ్ (ఆక్టోప్యాడ్ కాదు, కీబోర్డు మీద నిలిపి పట్టే మెత్తటి స్వరాల గుంపు) శబ్దం నాలుగైదు సెకన్లు కదలకుండా నిలిచి, దాని మీద గొంతూ నిలిస్తే, రెండూ కలిసి సెకనుకి దాదాపు రెండుసార్లు ఊగుతాయి. వినేవాళ్లు ఆ ఊగుడుకి గొంతునే తప్పుపడతారు.

ఇలాంటప్పుడు చాలా స్టూడియోల్లో గొంతుకి పిచ్ కరెక్షన్ వేసి కీబోర్డు దగ్గరికి లాగేస్తారు. నాకది ఇష్టం లేదు, ఆమెకి అసలే ఇష్టం లేదు. మేం కీబోర్డు మీద కలిపి పట్టే స్వరాల్లోంచి (కార్డుల్లోంచి) గాంధారం తీసేశాం. ప్యాడ్‌లో షడ్జమం, పంచమం మాత్రమే. పంచమంలో తేడా 2 సెంట్లే కాబట్టి పేచీ లేదు. శ్రుతి కలిసింది గానీ పాట బోసిపోయింది. మేజరా మైనరా తెలియని ఖాళీ.

అదే వారం ఇంకో తలనొప్పి. బేస్ ఫోన్లో వినపడటం లేదు. మన శ్రోతల్లో ఎక్కువమంది హెడ్‌ఫోన్లు కూడా లేకుండా ఫోన్ స్పీకర్లోనే వింటారు, అందులో కింది శబ్దాలు దాదాపు రావు. వీళ్ల బేస్ 49 హెర్ట్జ్ షడ్జమం మీద ఉంది, పైగా పై శబ్దాలు కోసేసే ఫిల్టర్ బాగా మూసి మెత్తగా పెట్టారు. నేను ఫిల్టర్ కాస్త తెరిచి, దాని మీద శబ్దాన్ని గరుకు చేసే చిన్న డిస్టార్షన్ వేశాను. దాంతో 49కి రెట్టింపులు, మూడింతలు, నాలుగింతలు పైకి తేలతాయి: 98, 147, 196. అసలు 49 వినపడకపోయినా వాటిని బట్టి చెవి దాన్ని ఊహించుకుంటుంది. ఇది పాత చిట్కానే. ఆ వరసలో ఐదోది 245. అంటే సరిగ్గా ఆమె గాంధారం.

ప్యాడ్‌లోంచి తీసేసిన గాంధారం బేస్ లోపలి నుంచి, ఆమె గొంతు శ్రుతిలోనే తిరిగొచ్చింది. ఫేడర్ పైకీ కిందకీ జరిపి ముగ్గురికీ వినిపించాను. ప్యాడ్ కుర్రాడు నవ్వాపుకోలేకపోయాడు, తన చేతి దెబ్బలోంచే గాంధారం పుడుతోందని. ఆ రోజు నుంచి వాళ్ల సౌండ్ అదే. పైన ఖాళీ పంచమం, కింద కాస్త గరుకు బేస్, మధ్యలో గొంతు ఒక్కటే. గమకం కావాల్సిన చోట మినీలాగ్‌ని మోనోలో (ఒకసారికి ఒకే స్వరం పలికేలా) పెట్టి, జారుడు వేసి, గొంతుకి జవాబుగా రెండు స్వరాలు. అంతకుమించి ఏదీ చేర్చనివ్వలేదు. చేర్చాలని కీబోర్డు అబ్బాయికి ఎప్పుడూ ఉంటుంది. ప్రతి ఆల్బమ్‌కీ ఆ గొడవ ఉంటుంది.

లౌడ్‌నెస్ సంగతి రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. స్పాటిఫై పాటల్ని మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట చెవికి ఎంత పెద్దగా వినిపిస్తుందో చెప్పే కొలత) స్థాయికి సర్దుతుంది. ఇంత ఖాళీ ఉన్న పాటని నొక్కి నొక్కి పెద్దది చేసి పంపితే వాళ్లు అక్కడ తగ్గించేస్తారు, మనకి మిగిలేది నలిగిపోయిన పాట.

ఒడియా లిపిలో తెలుగు సాహిత్యం

పాటలు రాసేది సింగరే. పుట్టి పెరిగిందంతా తెలుగులోనే గానీ చదువు ఒడియా మీడియం. తెలుగు చదవడం కూడబలుక్కుంటూ వచ్చు, రాయడం రాదు. పాటల నోట్‌బుక్ అంతా ఒడియా లిపిలో తెలుగు. మా వైపు ఈ తరంలో ఇది వింతేమీ కాదు.

పాడుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు. పాటని యాప్‌ల్లోకి పంపేటప్పుడు సాహిత్యం తెలుగు లిపిలో ఇవ్వాల్సి వచ్చేసరికి చిక్కొచ్చింది. ఒడియాలో ఎ, ఏ అని వేరుగా లేవు, ఒ, ఓ కూడా అంతే. ఆమె 'మేడ మీద దీపం' అని రాసుకున్నదాన్ని బంధువుల కుర్రాడొకడు చూసి 'మెడ మీద దీపం' అని టైపు చేసి పంపేశాడు. పాట విడుదలయ్యాక విజయనగరం నుంచి ఒకాయన ఈ ప్రయోగం చాలా బావుందని మెచ్చుకుంటూ మెసేజ్ పెట్టాడు కూడా. ఇప్పుడు విడుదలకి ముందు ప్రతి పాటనీ ఆమె చదువుతుంటే నేను టైపు చేస్తాను. యాస మాత్రం ముట్టుకోను. 'ఏటి' అంటే 'ఏటి' అనే పడుతుంది. పర్లాకిమిడిలో ఉండి వ్యావహారిక భాష కోసం అంత పోరాడిన గిడుగు రామమూర్తి గారి పక్క జిల్లావాళ్లం, మేమెందుకు దిద్దాలి?

స్టేజీ

రాయగడ చైతి, కొరాపుట్ పరబ్ లాంటి జిల్లా ఉత్సవాల్లో సొంత పాటలవాళ్లకి దొరికేది సాయంత్రం మొదటి స్లాట్. కుర్చీలు సగం ఖాళీ, లైట్లవాడు ఇంకా నిచ్చెన మీదే ఉంటాడు. రాత్రి 10 దాటితే లౌడ్ స్పీకర్ ఆపాలని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతాయి. పండగలకి రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు గానీ ఏడాదికి 15 రోజులు మించకూడదు. బయటి నుంచి వచ్చే పెద్ద సింగర్‌కి ఆ చివరి గంటలు కావాలి కాబట్టి ఆలస్యమయిన ప్రతి నిమిషమూ చిన్నవాళ్ల స్లాట్‌లోంచే కోస్తారు. నలభై నిమిషాలన్నది ఇరవై అవుతుంది.

ఇక్కడ వీళ్ల తక్కువ సామాను పనికొచ్చింది. రెండు సంచులు, ఒక మైకు. స్టేజీ ఎక్కి అయిదారు నిమిషాల్లో మొదటి పాట మొదలెట్టగలరు. డ్రమ్ కిట్ ఉన్న బ్యాండ్ మైకులు పెట్టుకునేసరికే దాని టైం అయిపోతుంది. ఇది గమనించిన ఒకరిద్దరు ఆర్గనైజర్లు, ప్రోగ్రాంలో ఎక్కడ ఖాళీ పడితే అక్కడ వీళ్లని ఎక్కించడం మొదలెట్టారు. మొదట్లో పిల్లలకి అది అవమానంగా ఉండేది. కానీ ఒకసారి ఆ ఖాళీ రాత్రి తొమ్మిదింటికి, నిండు జనం ముందు వచ్చింది.

ఒక స్టేజీ మీద జరిగింది సౌండ్ చేసేవాళ్ల కోసం కాస్త వివరంగా చెప్పాలి. సింథ్ ఆన్ చేయగానే బాక్సుల్లోంచి గుయ్యిమని 50 హెర్ట్జ్ హమ్. స్టేజీ కరెంటు ఒక జనరేటర్ నుంచి, కింద మిక్సర్‌కి కరెంటు గుడి మీటర్ నుంచి. రెండు ఎర్త్‌లు, మధ్యలో ఆడియో కేబుల్ వంతెన. మైక్‌సెట్ అబ్బాయి వెంటనే చేసింది, ప్లగ్‌లో ఎర్త్ పిన్ పీకేయడం. మా వైపు సగం మెలోడీల్లో ఇదే వైద్యం. హమ్ పోతుంది నిజమే. కానీ తర్వాత ఏ అడాప్టర్ లీకయినా, ఆ కరెంటుకి దారి మైకు పట్టుకున్న మనిషి. వానలు పడే పూజల సీజన్లో ఇలాంటి పని చేసేవాళ్లని నేను స్టేజీ ఎక్కనివ్వను. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (వాయిద్యానికీ మిక్సర్‌కీ మధ్య పెట్టే డబ్బా) పెట్టి, గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వేస్తే ఆడియో వైపు ఎర్త్ తెగుతుంది, కరెంటు వైపు ఎర్త్ అలాగే ఉంటుంది. అడాప్టర్లన్నీ ఒకే బోర్డుకి పెట్టాలి. ఈ బ్యాండ్ మొదటి సంపాదనతో నేను కొనిపించింది రెండు డీఐ బాక్సులు. కొత్త సింథ్ కొనుక్కుందామనుకున్న కీబోర్డు అబ్బాయి రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

ఉత్సవాలతో పొట్ట నిండదు. పెళ్లిళ్లు, బారసాలలు, కాలనీ పూజలు ఉండాల్సిందే. అక్కడ జనం అడిగేది సినిమా పాటలే. వీళ్లు ఆ పని మానలేదు, కానీ బ్యాండ్ పేరు మీద చేయలేదు. వేరే పేరు పెట్టుకుని, అవే యంత్రాలతో మెలోడీగా వెళ్లేవాళ్లు. ఆ డబ్బులో కొంత ఆల్బమ్ ఖాతాలో పడేది. సొంత పాటలవాళ్లు పెళ్లిళ్లలో పాడటమేంటని ఈ మధ్య కుర్రాళ్లు కొందరు మూతి తిప్పుతారు. పేర్లు వేరుగా ఉంచుకుంటే నాకేం తప్పు కనపడదు.

ప్రయాణం ఎక్కువగా రైలే. రాయగడలో ఎక్కితే పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం, అక్కణ్ణుంచి విశాఖ. స్లీపర్‌లో ముగ్గురికీ టికెట్లు, సింథ్ తల కింద. విశాఖలో కేఫ్ ప్రోగ్రాంకి ఇచ్చే డబ్బు అయిదుగురు మనుషులూ ఒక వ్యానూ ఉన్న బ్యాండ్‌కి నష్టం. వీళ్లకి కాస్త మిగిలేది.

డబ్బు వచ్చిన దారులు

ప్రోగ్రాం డబ్బులు మొదట్లో కీబోర్డు అబ్బాయి ఖాతాలో పడేవి. ఒక ఏడాది ఆర్గనైజర్లు కట్ చేసిన 10 శాతం టీడీఎస్ అంతా అతని పాన్ మీదే కనపడింది. ఆదాయం అతనిది ఒక్కడిదే అన్నట్టయింది, రిఫండ్ కూడా అతనికే వచ్చింది. పంచుకునేటప్పుడు చిన్న తగాదా అయ్యింది. తర్వాత ముగ్గురూ భాగస్వామ్య పత్రం రాయించుకుని, దాని పేరు మీద పాన్, బ్యాంకు ఖాతా తీసుకున్నారు. ఫీజు ఏడాదికి 30,000 దాటితే ఆ కోత ఉండేది, 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు 50,000 అయ్యింది. చిన్న బ్యాండ్లకి ఇది మంచి కబురు.

ఆ పత్రంతో పాటే పాటల వాటాలు కూడా రాసుకోమన్నాను. పాట మీద మూడు వేరు వేరు హక్కులు ఉంటాయి: సాహిత్యం, సంగీతం, రికార్డింగ్. సాహిత్యం పూర్తిగా ఆమెది. సంగీతం ముగ్గురికీ సమానం, ప్యాడ్ వాయించినవాడికి కూడా. కీబోర్డు అబ్బాయి దీనికి వెంటనే ఒప్పుకోలేదు. ట్యూన్ తనదని అతని వాదన. ఆ బేస్ లేకుండా నీ ట్యూన్ వాయించి వినిపించు అన్నాను. వాయించాడు, విన్నాడు, సంతకం పెట్టాడు. రికార్డింగ్ హక్కు భాగస్వామ్య సంస్థది, ఎందుకంటే ఖర్చు దానిది. సాహిత్యం, సంగీతం తరఫున రాయల్టీ వసూలు చేసిపెట్టే ఐపీఆర్‌ఎస్ సొసైటీలో ముగ్గురూ విడివిడిగా సభ్యులయ్యారు. చాలామంది ఇండీ వాళ్లు పాటని యాప్‌ల్లో పెట్టడంతో పని అయిపోయిందనుకుంటారు, ఈ డబ్బు సంగతే తెలియదు.

లాక్‌డౌన్‌లో ప్రోగ్రాములన్నీ పోయాయి. బ్యాండ్లు పాటలు నేరుగా అమ్ముకునే వెబ్‌సైట్ బ్యాండ్‌క్యాంప్ 2020 మార్చి 20న మొదలుపెట్టి కొన్ని శుక్రవారాలు తన వాటా వదులుకుంది, మామూలు రోజుల్లో డిజిటల్ అమ్మకాల మీద 15 శాతం తీసుకుంటుంది. వీళ్ల పాటలు అక్కడ కొన్నవాళ్లలో సగానికి పైగా విదేశాల్లోని సింథ్ పిచ్చోళ్లు. తెలుగు ఒక్క ముక్క రాదు. ఒకాయన బేస్ గురించి పేజీన్నర ఉత్తరం రాశాడు. ఆ డాలర్లు చూడటానికి కొంచెమే గానీ, ఆ ఏడాది రూమ్ అద్దెలో నా వాటా తప్ప మిగతాదంతా వాటితోనే గడిచింది.

స్ట్రీమింగ్‌లో వచ్చేది దీనికంటే తక్కువ. 2024 నుంచి స్పాటిఫైలో గడిచిన 12 నెలల్లో 1,000 స్ట్రీమ్స్ దాటని పాటకి రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకే రాదు. కాబట్టి నెలకో పాట వదలడం కంటే తక్కువ పాటలు పెట్టి వాటినే మోయడం వీళ్లకి కుదిరింది.

అమ్మమని వచ్చినవాళ్లు

రెండో ఆల్బమ్ తర్వాత హైదరాబాద్ నుంచి ఒక ఆడియో కంపెనీ ఫోన్ చేసింది. అప్పటిదాకా చేసిన పాటలన్నీ ఒక మొత్తానికి ఇచ్చేయమని. మొత్తం బాగానే ఉంది, ప్యాడ్ కుర్రాడికి బండి వస్తుంది. అగ్రిమెంట్ చూస్తే అన్ని హక్కులూ, ప్రపంచమంతటా, శాశ్వతంగా.

కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కు రాసివ్వడం కాగితం మీద, సంతకంతోనే జరగాలి. కాలం రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని చట్టమే అనుకుంటుంది. ఇక్కడ రెండూ రాసేశారు కాబట్టి ఆ రక్షణ పనికిరాదు. అయినా 2012 సవరణ తర్వాత, రికార్డింగ్ వాడుకున్నందుకు రచయితకీ సంగీతకర్తకీ రావాల్సిన సమాన రాయల్టీ వాటాని కంపెనీకి రాసివ్వడం కుదరదు, వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప. రాసిచ్చినా చెల్లదు. అగ్రిమెంట్‌లో ఆ సంగతి ఎక్కడా లేదు.

మేం తిరిగి పంపిన కాగితం: రెండు పాటలు, ఏడేళ్ల లైసెన్స్, రాయల్టీ చట్టప్రకారం. దానికి జవాబు ఇప్పటిదాకా రాలేదు. బండి ఈఎంఐలో వచ్చింది.

ఒకరు వెళ్లిపోతే

సింగర్‌కి భువనేశ్వర్‌లో నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగం వచ్చింది. ఇంట్లో వాళ్లు ఎదురుచూసిన ఉద్యోగం, ఆమె కూడా ఎదురుచూసినదే. షిఫ్టులు చూసుకుని నెలకో ప్రోగ్రాం కూడా కుదరదని తేలిపోయింది. బ్యాండ్‌లోంచి తప్పుకుంటానంది. బ్యాండ్ పేరు పెట్టింది ఆమే. అది ఎవరికి?

ఇలాంటి తగువుకి సింథ్‌పాప్ చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది. 1980లో ఇంగ్లండ్ బ్యాండ్ హ్యూమన్ లీగ్ చీలిపోయినప్పుడు ఫిల్ ఓకీ పేరు ఉంచుకున్నాడు, దాంతోపాటు అప్పులూ ఒప్పుకున్న ప్రోగ్రాములూ కూడా అతని నెత్తినే పడ్డాయి. వెళ్లిపోయిన మార్టిన్ వేర్, ఇయాన్ క్రెయిగ్ మార్ష్ తర్వాతి ఆల్బమ్ రాయల్టీలో ఒక శాతం తీసుకున్నారు. ఆ తర్వాతి ఆల్బమ్ 1981లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. వెళ్లినవాళ్లూ హెవెన్ 17 పెట్టి బాగానే నిలబడ్డారు. ఈ కథ టేబుల్ మీద పెట్టాక మావాళ్ల మాటల్లో వేడి తగ్గింది.

చివరికి రాసుకున్నది ఇది. పేరు వాయిస్తూ ఉన్నవాళ్లది. ఇద్దరూ మానేస్తే మళ్లీ ముగ్గురిదీ. పాత పాటల్లో ఆమె వాటాలు మారవు. తర్వాతి ఆల్బమ్ రాబడిలో ఆమెకి రెండు శాతం. పేరుని వినోద సేవల తరగతి 41 కింద ట్రేడ్‌మార్క్‌కి పెట్టారు. వ్యక్తులకి ఆన్‌లైన్‌లో ఒక తరగతికి 4,500 రూపాయలు, వస్తే పదేళ్లు.

అసలు పేచీ గొంతు దగ్గర వచ్చింది. ఇద్దరే స్టేజీ ఎక్కుతారు కాబట్టి పాత పాటల్లో ఆమె కోరస్‌లు రికార్డులోంచి వేసుకోవాలి. దానికి ఒప్పుకుంది. మెయిన్ వాయిస్ వేసి మీరు పెదాలు కదిపితే ఒప్పుకోనంది. ఇంతలో కీబోర్డు అబ్బాయి, ఆమె పాత టేకులతో ఒక ఏఐ మోడల్ తయారుచేసి, కొత్త పాటని ఆమె గొంతుతో పాడించి తెచ్చి వినిపించాడు. నిజం చెప్పాలంటే చాలా దగ్గరగా ఉంది. గాంధారం ఒక్కటే కీబోర్డు గాంధారం. ఆమె వినీ వినకముందే హెడ్‌ఫోన్స్ తీసి టేబుల్ మీద పెట్టేసింది. "చెరిపీ" అంది. అతను నా వైపు చూశాడు. 2024లో బాంబే హైకోర్టు అరిజిత్ సింగ్ కేసులో, గాయకుడి గొంతుని అనుమతి లేకుండా ఏఐతో నకలు చేయడం మీద మధ్యంతర రక్షణ ఇచ్చిన సంగతి చెప్పాను. దానికంటే ముందు స్నేహం సంగతి ఉందని ప్యాడ్ కుర్రాడు అన్నాడు. ఫైళ్లు మా ముందే చెరిపారు, పత్రంలో ఒక వాక్యం కలిపారు: ఆమె గొంతుతో ఏ మోడలూ చేయకూడదు, చేయించకూడదు.

మూడో ఆల్బమ్ ఇప్పుడు నా దగ్గర మిక్సింగ్‌లో ఉంది. కీబోర్డు అబ్బాయే పాడుతున్నాడు, గొంతు సన్నం, పాటలు అందుకు తగ్గట్టు కింద శ్రుతిలో కట్టుకున్నారు. బేస్ మళ్లీ మొదటి నుంచి సర్దాల్సి వస్తోంది. రెండు పాటలు మాత్రం ఆమె నైట్ డ్యూటీల మధ్య భువనేశ్వర్‌లో ఎవరి రూమ్‌లోనో పాడి పంపింది. ఇప్పుడు తేలనిది ఒక్కటే. ఈ రెండు పాటలకి ఆమెకి గెస్ట్ సింగర్‌గా ఫీజు ఇవ్వాలా, ముందు రాసుకున్న రెండు శాతంలోనే అది కలిసిపోతుందా? రెండూ ఇవ్వాలని నా అభిప్రాయం. రెండు శాతం వెళ్లిపోయినందుకు, ఫీజు వచ్చి పాడినందుకు. ప్యాడ్ కుర్రాడు సరేనన్నాడు. కీబోర్డు అబ్బాయి ఇంకా లెక్కలు వేస్తున్నాడు.